ముఖం మొద్దుబారితే: పిల్లల క్యాన్సర్‌కు అది తొలి గుర్తేనా?

పిల్లలు తమంతట తాముగా వచ్చి "నా ముఖం మొద్దుబారింది" అని చెప్పడం చాలా అరుదు. నాలుగేళ్ల పిల్లకి ఆ సంగతి చెప్పడమే ఇంకా చేతకాదు. పదేళ్లవాడు మహా అయితే "చీమలు పాకుతున్నట్టుందమ్మా" అంటాడు, లేదా "పళ్ల డాక్టరు మత్తింజెక్షన్ ఇచ్చినట్టుంది" అంటాడు. అంతకంటే చిన్నవాళ్ల విషయంలో పెద్దవాళ్లే కనిపెట్టాలి. పెదవి మూలన అన్నం మెతుకు అంటుకున్నా తుడుచుకోరు. బుగ్గ లోపలి వైపు మాటిమాటికీ కొరుక్కుని పుండు చేసుకుంటారు. ఒక పక్కనే నములుతారు, రెండో పక్కకు వెళ్లిన ముద్ద అక్కడే నిలిచిపోతుంది. కన్ను ఎర్రగా ఉంటుంది, అయినా నలుసు పడిందని నలుపుకోరు. తల్లి ఇవన్నీ చూస్తూనే ఉంటుంది. అయితే జ్వరం లేదు, నొప్పి లేదు, ఏడుపు లేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచన రావడానికి కారణమే కనిపించదు.

భయపెట్టడానికి రాస్తున్నది కాదిది, కాబట్టి ముందుగా ఒక మాట. ముఖం మొద్దుబారిన పిల్లల్లో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి ముఖం మొద్దుబారదు. వాళ్లలో కనిపించే లక్షణాలు వేరు: తగ్గని జ్వరం, పాలిపోవడం, ఒంటి మీద నీలిమచ్చలు, రాత్రిళ్లు లేపే ఎముకల నొప్పి, కడుపులో గడ్డ, పొద్దున్నే తలనొప్పితో వాంతులు, కంటిపాపలో తెల్లటి మెరుపు. ముఖం మొద్దుబారడం గురించి వైద్య సాహిత్యంలో ఉన్నది చాలావరకు ఒక్కొక్క రోగి కథే. ఒక ఆసుపత్రిలో ఒక పాప, మరో దేశంలో ఒక బాబు. అందుకే నూటికి ఇంతమందికి అని చెప్పే నమ్మకమైన లెక్క దీనికి లేదు. కానీ ఈ లక్షణంతో మొదలయ్యే క్యాన్సర్లు ఏవో, అవి నరాన్ని ఎలా పట్టుకుంటాయో మాత్రం బాగా తెలుసు. ఆ తెలిసినంత మేరకైనా మన పిల్లల డాక్టర్లకు, పళ్ల డాక్టర్లకు, చెవి ముక్కు గొంతు డాక్టర్లకు, అన్నిటికంటే ముందు అమ్మానాన్నలకు చేరాలి. కారణం తేలని మొద్దుబారుడు ఎదురైనప్పుడు, కారణం తేలేదాకా ఏ మందుబిళ్లా, ఏ జబ్బు పేరూ ఆ ప్రశ్నను మూసెయ్యకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముఖం మీది స్పర్శను మెదడుకు చేర్చేది ఐదో కపాల నరం. ట్రైజెమినల్ అంటారు. దానికి మూడు పాయలు. మొదటిది నుదుటికీ కంటికీ వెళ్తుంది. రెండోది బుగ్గకు, పై పెదవికి, పై పళ్లకు. మూడోది కింది పళ్లకు, కింది పెదవికి, గడ్డానికి. మూడూ పుర్రె అడుగున వేర్వేరు సందుల్లోంచి బయటికొస్తాయి. మూడో పాయ కొమ్మ ఒకటి కింది దవడ ఎముక లోపలే సన్నటి కాలువలో సాగి, కోరపన్నుకు కాస్త వెనక ఉన్న చిన్న రంధ్రంలోంచి బయటపడి పెదవినీ గడ్డాన్నీ చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ ఏది ఒత్తినా, ఎక్కడ ఏ కణాలు చొరబడినా దాని అవతలి భాగం మొద్దుబారుతుంది. గడ్డం ఒక్కటే మొద్దుబారితే ముందు దవడ ఎముకను వెతకాలి. బుగ్గ అయితే సైనస్, ముక్కు వెనక భాగం. నుదురు, కన్ను కలిసి మొద్దుబారి, దానికి తోడు మెల్లకన్ను వస్తే కంటి గూడు వెనక చూడాలి. సగం ముఖమంతా పోతే పుర్రె అడుగూ, మెదడు కాండమూ చూడాలి.

ఈ మొద్దుబారుడును మూతి వంకరతో కలిపెయ్యకూడదు. ముఖ కండరాలను కదిలించేది ఏడో నరం. అది దెబ్బతింటే కన్ను మూతపడదు, నవ్వితే మూతి ఒక పక్కకు పోతుంది, స్పర్శ మాత్రం ఉంటుంది. చిక్కేమిటంటే మూతి వంకరపోయినవాళ్లు కూడా ఆ పక్క "మొద్దుగా ఉంది" అనే చెబుతారు. మాట ఒకటే, నరాలు రెండు. తాకి చూస్తే తప్ప తేడా తెలియదు. స్పర్శకు ఒక నరం, కదలికకు మరో నరం అని 1820లలో విడదీసి చెప్పినవాళ్లలో స్కాట్లండ్ సర్జన్ చార్లెస్ బెల్ ముఖ్యుడు. మూతి వంకరకు ఇప్పటికీ ఆయన పేరే, బెల్స్ పాల్సీ. రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒక స్త్రీకి దవడ నరం దెబ్బతిని పెదవి మొద్దుబారిన సంగతిని 1830లో మొదట రాసిందీ ఆయనే. ఆ తర్వాత 1963లో కాల్వర్లీ, మోనాక్ అనే ఇద్దరు ఇలాంటి రోగుల కథలను ఒకచోట చేర్చి, గడ్డం మొద్దుబారడాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన లక్షణమని రాశారు. పెద్దవాళ్లలో దీని వెనక రొమ్ము క్యాన్సర్, లింఫోమా (శోషరస కణాల క్యాన్సర్) ఎక్కువగా ఉంటాయి. పిల్లల్లో రెండు పేర్లు ముందుకొస్తాయి. ఒకటి బర్కిట్ లింఫోమా, రెండోది తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్.

బర్కిట్ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1957లో ఉగాండాలోని కంపాలాలో ములాగో ఆసుపత్రి పిల్లల వార్డుకు రమ్మని డెనిస్ బర్కిట్‌కు పిలుపొచ్చింది. ఆయన ఐర్లండ్‌లో పుట్టిన సర్జన్. మంచం మీద ఐదేళ్ల పిల్లవాడు. దవడలు వాచిపోయి ముఖం రూపే మారిపోయింది, పళ్లు కదులుతున్నాయి. బర్కిట్‌ను ఆపింది ఆ వాపు కాదు, దాని తీరు. పైన రెండు పక్కలా, కింద రెండు పక్కలా, మొత్తం నాలుగు మూలలా ఉంది. చీముగడ్డ ఒకేసారి నాలుగు చోట్ల రాదు. తనకు తెలిసిన కణితీ ఏదీ అలా రాదు. ఏమీ తేల్చలేకపోయారు. కొన్ని వారాల తర్వాత జింజా ఊరి ఆసుపత్రికి వెళ్లినప్పుడు కిటికీలోంచి చూస్తే, బయట గడ్డి మీద తల్లి పక్కన కూర్చున్న మరో బిడ్డ ముఖం అచ్చం అలాగే ఉంది. ఆ బిడ్డ కడుపులో కూడా గడ్డ ఉంది. ఒక్కడిలో చూసినది వింత, ఇద్దరిలో చూసినది జబ్బు. పాత రికార్డులు తిరగేసి, 1958లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో దాని గురించి రాశారు. 1961లో ఇద్దరి తోడుతో పాత కారులో ఆఫ్రికాలో సుమారు 10 వేల మైళ్లు తిరిగి, ఊరూరా ఆసుపత్రుల్లో ఆ పిల్లల ఫొటోలు చూపించి "ఇలాంటి పిల్లలు వస్తున్నారా" అని అడిగారు. వాన, వేడి ఎక్కువగా ఉండి మలేరియా బలంగా ఉన్న చోట్లే ఆ జబ్బూ ఉందని అలా తేలింది. ఆ కణితి ముక్కల్లోనే 1964లో ఎప్‌స్టీన్, అచోంగ్, బార్ ఒక వైరస్‌ను కనిపెట్టారు. మనిషికి క్యాన్సర్ తెచ్చే వైరస్‌లలో మొట్టమొదట దొరికింది అదే.

ఈ జబ్బు వేగం చూస్తే గడ్డం ఎందుకు మొద్దుబారుతుందో అర్థమవుతుంది. ఒకటి రెండు రోజుల్లో కణితి రెట్టింపు కాగలదు. మనిషి క్యాన్సర్లలో ఇంతకంటే వేగంగా పెరిగేవి లేవనే చెప్పాలి. దవడ ఎముకలోని ఇరుకు కాలువలో నరం పక్కన ఆ కణాలు పేరుకుంటే, బయటికి వాపు కనిపించకముందే పెదవి మొద్దుబారవచ్చు. ఆఫ్రికా బయట, మన దేశంలో కూడా, బర్కిట్ దవడలో కంటే కడుపులోనే ఎక్కువగా మొదలవుతుంది. అయినా దవడకు రానిదేమీ కాదు. ఇక్కడ తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆరేడేళ్లకు ముందుపళ్లు కదిలి ఊడటం సహజం. వెనకనున్న పాల దంతాలు మాత్రం తొమ్మిది పదేళ్ల దాకా గట్టిగా ఉండాలి. దెబ్బేమీ తగలకుండా, పుచ్చకుండా నాలుగైదేళ్ల పిల్లకి వెనక పళ్లు కదులుతుంటే, దానికి తోడు పెదవి మొద్దుబారితే, వయసొచ్చి ఊడుతున్నాయిలే అని ఊరుకోకూడదు. ఆ పన్ను పీకించేసి ఊరుకోవడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ తర్వాత వచ్చే వాపూ మొద్దూ అన్నీ పీకిన పన్ను ఖాతాలోకి వెళ్లిపోతాయి. నోరంతా ఒకేసారి తీసే ఓపీజీ ఎక్స్‌రేలో ఎముక కరిగిపోయిందా, రాబోయే పళ్ల మొగ్గలు పక్కకు నెట్టుకుపోయాయా, పంటి చుట్టూ ఉండే సన్నటి తెల్ల గీత చెరిగిపోయిందా అన్నవి ముందే కనిపిస్తాయి.

ఇంత వేగంగా పెరిగే జబ్బే మందులకూ అంతే వేగంగా లొంగుతుంది. ఉగాండాలో ఆనాడు రేడియేషన్ సదుపాయం లేదు. బర్కిట్ మెథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులు ఇచ్చి చూస్తే కొందరు పిల్లల ముఖాలు రోజుల్లోనే మామూలయ్యాయి. ఇవాళ కీమోథెరపీకి రిటుక్సిమాబ్ కలిపితే, ముదిరిన దశలో ఉన్న పిల్లల్లో కూడా మూడేళ్లపాటు జబ్బు తిరగబెట్టకుండా బాగున్నవాళ్లు 93.9 శాతమని 2020లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం చూపింది. ఆ మందు లేనివాళ్లలో అది 82.3 శాతం. మెదడు చుట్టూ ఉన్న పొరల దాకా పాకిన పిల్లలు కూడా ఆ అధ్యయనంలో ఉన్నారు.

రెండోది ల్యుకేమియా. పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. ఇందులో ముఖం మొద్దుబారడానికి రెండు దారులున్నాయి. దవడ ఎముక మూలుగలో క్యాన్సర్ కణాలు నిండిపోయి నరాన్ని నొక్కడం ఒకటి. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి చేరి నరాల మొదళ్లను పట్టుకోవడం రెండోది. ఒక్కోసారి ఐదో నరంతో పాటు ఏడో నరమూ దెబ్బతింటుంది, అప్పుడు మూతి వంకరా వస్తుంది. ఈ సందర్భంలోనే మన చుట్టూ జరిగే ఒక పొరపాటు గురించి గట్టిగా చెప్పాలి.

మూతి వంకరపోయిన పిల్లని తీసుకొస్తే చాలాచోట్ల చేసేది ఒకటే. బెల్స్ పాల్సీ అని రాసి, వారం పది రోజులకు స్టెరాయిడ్ బిళ్లలు ఇచ్చి పంపిస్తారు. చాలామంది పిల్లలకు అది నిజంగా బెల్స్ పాల్సీయే, తగ్గిపోతుంది కూడా. కానీ ల్యుకేమియా చికిత్సలో మొదటి మందు కూడా స్టెరాయిడే. రక్తం చూడకుండా ఆ మందు ఇస్తే క్యాన్సర్ కణాలు కొంతవరకు కరిగిపోతాయి. మూతి సరవుతుంది, మొద్దు తగ్గుతుంది, పిల్ల హుషారుగా ఆడుకుంటుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కొన్ని వారాలకు జబ్బు తిరిగొస్తుంది. ఈసారి మూలుగ పరీక్ష చేస్తే అది ఏ రకమో, ఎంత ప్రమాదకరమో తేల్చడం కష్టమవుతుంది, ఎంత తీవ్రమైన చికిత్స ఇవ్వాలన్న లెక్క తప్పుతుంది. కణాలు ఒక్కసారిగా విరిగిపోయి మూత్రపిండాల మీద పడే ప్రమాదమూ ఉంది. అందుకే ముఖానికి సంబంధించిన ఏ నరం దెబ్బతిన్న పిల్లకైనా స్టెరాయిడ్ మొదలుపెట్టక ముందు సీబీపీ (రక్తకణాల లెక్క) చేయించాలి. అది ఊళ్లో చిన్న ల్యాబులోనూ కొన్ని వందల రూపాయలకు అయిపోయే పరీక్ష. మెషిన్ ఇచ్చిన అంకెలతో ఊరుకోకుండా రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి ఒక పాథాలజిస్టు కళ్లతో చూడాలి. ఎల్‌డీహెచ్, యూరిక్ యాసిడ్ కూడా చూస్తే మేలు. స్టెరాయిడ్‌తో తగ్గిందన్నది జబ్బు పేరుకు రుజువు కాదు.

దీనికి రెండో వైపూ చెప్పాలి. సీబీపీ బాగుందంటే క్యాన్సర్ లేదని కాదు. దవడకో, పుర్రె అడుగుకో పరిమితమైన కణితి ఉన్న పిల్లల రక్తం మామూలుగానే ఉండొచ్చు.

ల్యుకేమియా ప్రస్తావన వచ్చినప్పుడు భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావును తలచుకోకుండా ఉండలేం. ఆయన నడిపించిన లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ సంగతి 1948లో అచ్చయింది. అదే ఏడు సుబ్బారావు చనిపోయారు. అమినోప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ కూడా ల్యుకేమియా పిల్లలకు వెన్నులోకి సూదితో ఎక్కిస్తారు, మెదడు చుట్టూ నీటిలో దాక్కున్న కణాలను చంపడానికి. ముఖం మొద్దుబారడానికి కారణమయ్యే కణాలు కొన్నిసార్లు దాక్కునేది సరిగ్గా అక్కడే.

మూడోది రాబ్డోమయోసార్కోమా, కండరాలుగా మారాల్సిన కణాల్లో పుట్టే క్యాన్సర్. పిల్లల్లో మెత్తటి కణజాలపు క్యాన్సర్లలో ఇదే ఎక్కువ. మూడో వంతుకు పైగా తల, మెడ భాగంలో వస్తాయి. కంటి గూటిలో వచ్చింది త్వరగా కనిపిస్తుంది, దానికి చికిత్స ఫలితాలూ చాలా బాగుంటాయి. సమస్యంతా మెదడు పొరలకు ఆనుకుని ఉన్న చోట్లతోనే: ముక్కు వెనక, సైనస్‌లలో, నడిమి చెవిలో, దవడ కీలు లోపలి భాగంలో. అక్కడ పెరిగే కణితి నెలల తరబడి వేరే జబ్బులా కనిపిస్తుంది. మన పిల్లల్లో చెవి కారడం ఎంత మామూలో అందరికీ తెలుసు. చుక్కలు వేస్తారు, వెల్లుల్లి కాచిన నూనె వేస్తారు, యాంటీబయాటిక్ మారుస్తారు. కానీ చీములో నెత్తురు కలిసినా, చెవిలో కండ పెరిగినట్టు కనిపించినా, ఒక వైపు ముక్కు మాత్రమే మూసుకుపోయి నెత్తురు వస్తున్నా, ఆ పక్క బుగ్గ మొద్దుబారినా, మూతి వంకరపోయినా అది మామూలు చెవిపోటో, సైనసో అనుకుని ఊరుకోకూడదు. ఆ కండలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. అమెరికాలో 1972లో మొదలైన వరుస అధ్యయనాల వల్ల విన్‌క్రిస్టీన్, యాక్టినోమైసిన్, సైక్లోఫాస్ఫమైడ్, వాటితో రేడియేషన్ కలిపి ఇవ్వడం స్థిరపడింది. దూరం పాకని జబ్బు ఉన్న పిల్లల్లో పదిమందిలో ఏడుగురి దాకా బతుకుతున్నారు. టీనేజీ పిల్లల్లో ముక్కు వెనక వచ్చే మరో క్యాన్సర్ కూడా ఇదే దారిలో నడుస్తుంది. దానికి ముందు గుర్తు తరచుగా మెడలో గట్టి గడ్డ.

నాలుగోది చెప్పడం కష్టం. మెదడు కాండంలో పాన్స్ అనే భాగం ఉంది. ఐదు నుంచి పదేళ్ల మధ్య పిల్లల్లో అక్కడ పుట్టే డీఐపీజీ అనే కణితి కొన్ని వారాల్లోనే మెల్లకన్ను, మూతి వంకర, తూలి నడవడం, మింగుతుంటే పొలమారడం తెస్తుంది. ఐదో నరం కేంద్రం అక్కడే ఉంది కాబట్టి ముఖం మొద్దుబారడమూ ఉండొచ్చు. చంద్రుడి మీద మొదట అడుగుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నారి కూతురు 1962లో ఈ జబ్బుతోనే పోయింది. అప్పటికీ ఇప్పటికీ చికిత్సలో వచ్చిన మార్పు చాలా తక్కువ. రేడియేషన్ కొన్ని నెలలు ఊరటనిస్తుంది, చాలామంది పిల్లలు ఏడాది లోపే వెళ్లిపోతారు. ఆ కణాల్లో ఒక ప్రత్యేకమైన జన్యు మార్పు ఉందని 2012లో తెలిసింది. ఆ మార్పు ఉండి, చికిత్స తర్వాత కూడా ముదిరిన కణితులకు డోర్డావిప్రోన్ అనే మందును 2025 ఆగస్టులో అమెరికా ఔషధ సంస్థ షరతులతో అనుమతించింది. అది నయం చేసే మందు కాదు, అయినా ఇన్నేళ్ల తర్వాత తెరుచుకున్న తలుపు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే "తొలి గుర్తు" అన్న మాటను జాగ్రత్తగా వాడాలనిపిస్తుంది. ఇంట్లోవాళ్లకు మొదట కనిపించినది జబ్బుకు కూడా మొదటి మెట్టే కానక్కర్లేదు. బర్కిట్‌లో కపాల నరం దెబ్బతింటే దాన్ని తరచుగా మెదడు దాకా పాకిన నాలుగో దశగా లెక్కేస్తారు. రాబ్డోమయోసార్కోమాలో నరం దెబ్బతినడం, పుర్రె ఎముక తినేయడం ఎక్కువ ప్రమాదానికి సూచనలు. అంటే మొద్దుబారుడు చాలాసార్లు ఆలస్యంగా వచ్చే తొలి గుర్తు. అయితే ఇదే వాదన పట్టుకుని "ఇక అప్పటికి చేసేదేముంది" అనేవాళ్లతో నేను ఏకీభవించను. నాలుగో దశ బర్కిట్ నయమవుతుంది. మెదడు నీటిలో కణాలున్న ల్యుకేమియా నయమవుతుంది. పెద్దవాళ్ల క్యాన్సర్ దశలతో పోల్చి పిల్లల విషయంలో ఆశ వదులుకోవడం పెద్ద తప్పు. రోజుల్లో రెట్టింపయ్యే జబ్బులో పది రోజుల తేడా అంటే పిల్ల సొంతంగా నడిచి ఆసుపత్రికి రావడానికీ, మూత్రపిండాలు పాడై ఐసీయూకి రావడానికీ మధ్య ఉన్న తేడా. పాన్స్ కణితిలో ముందే తెలిసినంత మాత్రాన బతుకు పెరగదు. నిజం దాచి లాభం లేదు. కానీ ఉన్న కొద్ది కాలాన్ని ఒక డాక్టరు నుంచి మరో డాక్టరు దగ్గరికి తిరగడంలో పోగొట్టుకోకుండా, బిడ్డతో గడిపే అవకాశం ఆ కుటుంబానికి దక్కుతుంది. అదీ చిన్న సంగతి కాదు.

జాప్యానికీ బతుకుకూ ఉన్న సంబంధం పిల్లల క్యాన్సర్లలో సూటిగా ఉండదని పరిశోధకులు అంటారు. అదీ నిజమే. చాలా వేగంగా పెరిగే కణితి వేగంగానే బయటపడుతుంది, అయినా ఫలితం బాగుండకపోవచ్చు. మెల్లగా పెరిగేది ఏడాది దాగి ఉన్నా నయం కావచ్చు. ఈ చిక్కు వల్లే ఆలస్యం చేస్తే ఇంత నష్టం అని ఒక అంకె చెప్పడం కుదరదు. కానీ ఆలస్యాన్ని తగ్గించవచ్చనడానికి సాక్ష్యం ఉంది. బ్రిటన్‌లో 2011లో హెడ్‌స్మార్ట్ అనే ప్రచారం మొదలుపెట్టి, పిల్లల మెదడు కణితుల లక్షణాలను జేబులో పట్టే కార్డుల మీద ముద్రించి బడుల్లో, క్లినిక్కుల్లో పంచారు. లక్షణం మొదలైనప్పటి నుంచి జబ్బు తేలేదాకా అంతకుముందు సగటున 14.4 వారాలు పట్టేది, 2013 నాటికి అది 6.7 వారాలకు తగ్గింది. ఒక కార్డుముక్క చేసిన పని అది. దక్షిణాఫ్రికాలో రూపొందిన సెయింట్ సిలువాన్ హెచ్చరికల జాబితా కూడా అలాంటిదే. అందులో ముఖం మొద్దుబారడం విడిగా లేదు, నరాల లక్షణాలన్న గూటిలో ఇమిడిపోయింది. తెలుగులో ఇలాంటి జాబితా తయారుచేసేవాళ్లు దాన్ని విడిగా ఒక వరుసలో రాస్తే బాగుంటుంది.

ముఖం మొద్దుబారడానికి క్యాన్సర్ కాని కారణాలు చాలా ఉన్నాయి, త్వరగా చెప్పి వదిలేస్తాను. పళ్ల చికిత్స తర్వాత కొన్ని గంటల మొద్దు, పంటి చీము, దవడకు దెబ్బ, ఒక గంటలో వచ్చి పోయే మైగ్రేన్. భయంతో ఎగశ్వాస తీసినా, ఒంట్లో కాల్షియం తగ్గినా రెండు పక్కలా మూతి చుట్టూ తిమ్మిరెక్కుతుంది. ముఖం మీద పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ ఉండి, ఆ మచ్చ మీదే స్పర్శ లేకపోతే కుష్ఠు అనుకోవాలి. మన రాష్ట్రాల్లో పిల్లల్లో అది ఇంకా కనిపిస్తోంది, మందులతో పూర్తిగా పోతుంది. ఒక పక్కనే ఉండి, వారం రెండు వారాలైనా పోకుండా, పాకుతూ పోయే మొద్దు వీటన్నిటికీ భిన్నం.

పరీక్ష చెయ్యడానికి కావలసింది కాస్త దూది, పది నిమిషాల ఓపిక. పిల్లని తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, దూదిని సన్నటి పోగుగా లాగి, ముందు పిల్ల చేతి మీద తాకించి "ఇదిగో, ఇలా తగులుతుంది" అని చూపించాలి. తర్వాత కళ్లు మూసుకోమని, తగిలినప్పుడల్లా "ఊఁ" అనమనాలి. నుదుటి మీద ఆ పక్క, ఈ పక్క. బుగ్గ మీద, గడ్డం మీద అలాగే. మధ్యమధ్యలో తాకకుండా ఊరుకోవాలి, ఎందుకంటే బెదిరిన పిల్ల అన్నిటికీ "ఊఁ" అంటుంది. పళ్లు బిగించమంటే కణత దగ్గర కండ రెండు వైపులా సమానంగా ఉబ్బాలి. నోరు తెరిస్తే దవడ పక్కకు పోకూడదు. ఆ తర్వాత ఒక్కొక్క పన్నూ వేలితో కదిపి చూడాలి, చెవుల్లోకి, ముక్కులోకి, గొంతులోకి చూడాలి, మెడ, కడుపు తడమాలి, మగపిల్లాడైతే వృషణాలు కూడా. పిల్లని గదిలో నాలుగడుగులు నడిపించాలి. కారణం తేలకపోతే కాంట్రాస్టుతో ఎమ్మారై తియ్యాలి, అదీ నరం దారి మొత్తం, మెదడు కాండం నుంచి గడ్డం దాకా కనిపించేట్టు తియ్యాలని కాగితం మీద స్పష్టంగా రాయాలి. "బ్రెయిన్ సీటీ నార్మల్" అన్న రిపోర్టు పట్టుకుని ఇంటికెళ్లిపోవడం చాలదు. మామూలు సీటీలో పుర్రె అడుగున ఉన్న చిన్న కణితి తప్పిపోవచ్చు, దవడ అసలు ఫిల్ములోకే రాకపోవచ్చు.

ఏటా ప్రపంచంలో సుమారు 4 లక్షల మంది పిల్లలకు, టీనేజీవాళ్లకు క్యాన్సర్ వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సంపన్న దేశాల్లో 80 శాతానికి పైగా నయమవుతుంటే చాలా పేద దేశాల్లో అది 30 శాతం లోపే. 2030 నాటికి అన్నిచోట్లా కనీసం 60 శాతానికి తేవాలని 2018లో ఆ సంస్థ లక్ష్యం పెట్టుకుంది. దానికోసం ఎంచుకున్న ఆరు క్యాన్సర్లలో బర్కిట్, తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా రెండూ ఉన్నాయి. మన దగ్గర చికిత్స లేదనే మాట ఇప్పుడు చెల్లదు. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, బసవతారకం ఆసుపత్రి, విశాఖలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ చికిత్స ఖర్చు భరిస్తుంది. గండి పడుతున్నది ఆ ఆసుపత్రి గేటు దాకా రావడంలో. ముఖం మొద్దుబారిన పిల్ల మొదట వెళ్లేది క్యాన్సర్ డాక్టరు దగ్గరికి కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి, పళ్ల డాక్టరు దగ్గరికి, పసరు మందు ఇచ్చేవాళ్ల దగ్గరికి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి బడులకు వెళ్లి పిల్లలను పరీక్షిస్తున్నాయి. వాళ్ల సంచిలో దూది ఎలాగూ ఉంటుంది. ముఖం రెండు పక్కలా తాకి చూడటం, వెనక పళ్లు కదుపుతూ చూడటం వాళ్లకు నేర్పడానికి ఒక పూట శిక్షణ చాలు.

చివరిగా, చికిత్స పూర్తయి ఇంటికొచ్చిన పిల్లల గురించి. మందులు జరుగుతున్నప్పుడు విన్‌క్రిస్టీన్ వల్ల దవడ నొప్పి, కాళ్లూ చేతుల్లో తిమ్మిరి రావడం మామూలే, మెల్లగా తగ్గుతాయి. అదే అలవాటుతో తర్వాత వచ్చిన దేన్నైనా మందు ప్రభావమే అనుకుంటారు. ల్యుకేమియా, లింఫోమా నయమైన పిల్లల్లో గడ్డం కానీ బుగ్గ కానీ కొత్తగా, ఒక పక్కనే మొద్దుబారితే జబ్బు తిరగబెట్టిందేమో చూడాలి. కొందరిలో రక్తం, మూలుగ ఇంకా మామూలుగా ఉన్నప్పుడే మెదడు నీటిలో అది మళ్లీ కనిపిస్తుంది. వెన్నులోంచి నీరు తీసి చూస్తే తప్ప తెలియదు. అలాంటప్పుడు మూడు నెలల తర్వాత రమ్మన్న తేదీ దాకా ఆగకుండా, చికిత్స చేసిన వార్డుకు ఆ రోజే ఫోన్ చెయ్యాలి. ఊళ్లో డాక్టరు స్టెరాయిడ్ రాయబోతే ముందు ఆ వార్డుతో మాట్లాడమని చెప్పాలి.